‘జీవితకాలం గ్యారెంటీ’ – ఎవరి జీవితకాలం?

యాసంగి వరి పొట్టకొచ్చిన వేళ మోటరు కాలితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల్లో బోరు మీద బతికే రైతులకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

పోయిన యాసంగిలో మా సంఘం సభ్యుడొకరికి ఇదే జరిగింది. కొత్త మోటరు, దించి ఏడు నెలలైంది. పన్నెండు నెలల గ్యారెంటీ కార్డు చేతిలో ఉంది. కాలిన మరునాడే మోటరు పైకి తీయించి ఆటోలో వేసుకుని కొన్న దుకాణానికి పోయాడు. దుకాణదారు మర్యాదగానే మాట్లాడాడు. “కార్డు ఉంది కదా అన్నా, కంపెనీ మనిషి వచ్చి చూడాలె” అన్నాడు. కంపెనీ మనిషి రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చి, విప్పి, ఒక్క మాటన్నాడు: “ఇది లో వోల్టేజీతో కాలింది. గ్యారెంటీ కిందికి రాదు.” మళ్లీ అప్పు తెచ్చి, వైండింగ్ చేయించి దించేసరికి ఎకరంన్నర వరిలో సగం తాలుపోయింది. మోటరు ఖర్చు ఒక ఎత్తు, పోయిన పంట ఇంకో ఎత్తు. ఆ పంటకు కార్డులో ఒక్క అక్షరం కూడా లేదు.

ఆ తర్వాతి సంఘం మీటింగుకు మేము అందరినీ ఇళ్లల్లో ఉన్న గ్యారెంటీ కార్డులు తెమ్మన్నాం. మోటర్లవి, స్టార్టర్లవి, బ్యాటరీ స్ప్రేయర్లవి, తైవాన్ పంపులవి, గడ్డి కోసే మిషన్లవి అన్నీ ముందు పోసుకుని కూర్చున్నాం. సగం కార్డుల మీద దుకాణం ముద్ర లేదు. కొన్నింటి మీద కొన్న తేదీ లేదు. అన్నీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. ఇంటర్ చదివే ఒక సభ్యుని బిడ్డ ఒక్కొక్కటీ చదివి అర్థం చెప్పింది. ఆ రోజు మాకు కళ్లు తెరుచుకున్నాయి.

మోటరు కార్డుల్లో దాదాపు ఒకే రకం షరతులున్నాయి. అమ్మిన తేదీ నుంచి 12 నెలలు, లేదా తయారైన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. అంటే దుకాణంలో ఏడాది మూలనపడ్డ మోటరు కొంటే మనకు మిగిలేది ఆరు నెలలే. ఆ తర్వాత ఏవేవి వర్తించవో పెద్ద జాబితా ఉంది. వోల్టేజీ హెచ్చుతగ్గులతో కాలితే వర్తించదు. ఒక ఫేజు పోయి రెండు ఫేజుల మీద నడిచి కాలితే వర్తించదు. నీళ్లు లేకుండా ఉత్తగా తిరిగితే వర్తించదు. ఇసుక నీళ్లతో అరిగితే వర్తించదు. కంపెనీ మనిషి కాక వేరేవాళ్లు విప్పితే వర్తించదు.

ఇప్పుడు మీరే చెప్పండి. మన ఊళ్లల్లో మోటర్లు ఇవి కాక ఇంక దేనితో కాలుతున్నాయి? ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న బోరుకు వోల్టేజీ అందదు. గాలి దుమారం వస్తే ఒక ఫేజు పోతుంది. ఏప్రిల్ దాటితే బోరు గంట పోసి అరగంట ఆగుతుంది. కొత్త బోరు కొన్ని రోజులు ఇసుక, మట్టి ఎత్తిపోస్తుంది. ఏ కారణాలతో ఇక్కడ మోటరు చస్తుందో ఆ కారణాలన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలినదానికి గ్యారెంటీ ఇస్తున్నారు. చెరువులో ఈత కొట్టొచ్చు గాని తడవొద్దు అన్నట్టుంది.

అయితే కంపెనీ చెప్పేదంతా అబద్ధం అని కూడా మేము అనడం లేదు. మోటరు ఎందుకు కాలుతుందో మనం ముందు తెలుసుకోవాలి. త్రీఫేజు మోటరు 415 వోల్టుల దగ్గర నడవాలని తయారు చేస్తారు. వోల్టేజీ పడిపోతే మోటరు ఊరుకోదు, అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు అంటే ఎక్కువ వేడి. ఆ వేడికి వైండింగ్ తీగ మీది పొర కరిగి లోపల తీగలు కలిసిపోతాయి. ఒక ఫేజు పోతే ఇది నిమిషాల్లోనే జరిగిపోతుంది. సబ్‌మెర్సిబుల్ మోటరు చల్లబడేది చుట్టూ ఉన్న నీళ్లతోనే. ఆ నీళ్లు దిగిపోతే దానికి ఊపిరి ఆగినట్టే.

ఇందులో మన తప్పు కూడా ఉంది, దాచుకోవద్దు. నాలుగైదు మోటర్లు మోయాల్సిన 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడెనిమిది వేస్తున్నాం. ఐదు హెచ్‌పీ అని రాయించి ఏడున్నర దించుతున్నాం. ఆటో స్టార్టర్లు పెడుతున్నాం. కరెంటు పోయి వచ్చిందంటే అన్ని మోటర్లూ ఒక్కసారే లేస్తాయి. మోటరు లేచేటప్పుడు నడిచేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ కూలబడి, ఎవరిదో ఒకరిది కాలుతుంది. ఉచిత కరెంటు మొదలైన కాలంలోనే కెపాసిటర్ బిగించాలని, ఐఎస్ఐ పంపుసెట్టు పెట్టాలని షరతులు వచ్చాయి. ఎంతమందిమి బిగించాం? బిగించినా కాలిపోయిన కెపాసిటర్‌ను ఎంతమందిమి మార్చాం?

మన తప్పు ఒక పాలైతే, సర్కారు తప్పు ఇంకో పాలు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బోరు కాడికి పోయి, పాము కరిచీ షాకు కొట్టీ చచ్చిన రోజులు గుర్తున్నవాళ్లం, ఆ మార్పు విలువ మాకు తెలుసు. కానీ ఎన్నికలొస్తే పార్టీలన్నీ కొట్లాడుకునేది కరెంటు ఎన్ని గంటలు అని మాత్రమే. వచ్చే కరెంటు ఎన్ని వోల్టులు అని అడిగే నాయకుడు ఒక్కడూ కనబడడు. గంటలు ఎన్నున్నా వోల్టేజీ లేకపోతే అది మోటర్లను కాల్చే కరెంటే.

ఇక జీవితకాలం గ్యారెంటీ సంగతి. ఈ మధ్య పానాల సెట్లు, కటింగు ప్లేయర్లు, రెంచీలు అమ్మేవాళ్లు ‘లైఫ్‌టైమ్ వారంటీ’ అని పెద్దక్షరాలతో రాస్తున్నారు. చూస్తే ఆ మాట ఎక్కువగా చేతి పనిముట్ల మీదే ఉంటుంది. పానాకు వైండింగు లేదు, బేరింగు లేదు, కాలేది లేదు. మంచి ఉక్కుతో చేస్తే అది ఎలాగూ ఇరవై ఏళ్లుంటుంది. తిరిగే మిషను మీద, కరెంటుతో నడిచే మోటరు మీద జీవితకాలం గ్యారెంటీ మనకు కనబడదు. ఎక్కడన్నా కనబడితే, ఎవరి జీవితకాలం అని అడగాలి. మనదా, మిషనుదా, కంపెనీదా?

అమెరికాలో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఉండేది. అది అమ్మే క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్ల జీవితకాలం గ్యారెంటీ అక్కడ ఇంటింటికీ తెలిసిన మాట. విరిగిన పానా తీసుకుపోతే కొత్తది చేతిలో పెట్టేవాళ్లు. తాత కొన్న పానాను మనవడు మార్చుకునేవాడు. 2017లో ఆ క్రాఫ్ట్స్‌మన్ పేరును సియర్స్ వేరే కంపెనీకి అమ్ముకుంది. 2018 అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. దుకాణాలు వరసబెట్టి మూతపడ్డాయి. కార్డు మీద మాట అలాగే ఉంది, కానీ విరిగిన పానా తీసుకుపోవడానికి పక్క వీధిలో దుకాణం లేదు. అంత పెద్ద సంస్థ మాటే అట్లయితే, నిన్న పుట్టి రేపు పేరు మార్చుకునే స్టిక్కరు కంపెనీ మాట ఎంత? గ్యారెంటీ విలువ ఏళ్లల్లో లేదు. చెడిపోయిన వస్తువు పట్టుకుపోతే తీసుకునే చెయ్యి ఎంత దగ్గర్లో ఉంది, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తుంది అన్న దానిలోనే ఉంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకు వద్దాం. చవకది కొనాలా, పేరున్నది కొనాలా?

ఒక లెక్క వేసుకుందాం. చవక మోటరు 18 వేలు, మంచిది 28 వేలు అనుకుందాం. ఎవరి ఊరి ధరలు వాళ్లు వేసుకోండి. తేడా 10 వేలు. చవక మోటరు ఒక్కసారి కాలితే పైపులు గుంజి తీసే కూలి, మళ్లీ దించే కూలి, వైండింగ్, బుష్‌లు, ఆటో కిరాయి కలిపి ఏడెనిమిది వేలు దాటుతుంది. రెండుసార్లు కాలిందంటే మంచి మోటరు ధరను దాటిపోయాం. మధ్యలో పంట ఎండిన రోజులు లెక్కలో వేయనే లేదు. మూడు వందల అడుగుల లోతున దించే వస్తువు విషయంలో చవక అనేది కొన్ననాడే చవక.

అట్లని ధర ఎక్కువున్నదల్లా గట్టిది అనుకుంటే మళ్లీ మోసపోతాం. ఆ ధరలో టీవీ ప్రకటన ఖర్చు ఉంటుంది, డీలర్ కమీషను ఉంటుంది. పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి, అదే రంగు వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. కోయంబత్తూరులో, రాజ్‌కోట్‌లో తయారయ్యే మోటర్లలో బంగారం లాంటివీ ఉన్నాయి, తుక్కూ ఉంది. ఊరి పేరు చూసి కొనలేం. వైండింగులో రాగి ఎంత పోశారు, రాగి బదులు అల్యూమినియం పెట్టారా, స్టాంపింగు ఎంత పొడవుంది, థ్రస్ట్ బేరింగు ఎలాంటిది అనేది పైనుంచి కనబడదు. మోటరు విప్పినవాడికే దాని గుట్టు తెలుస్తుంది.

అందుకే మా అనుభవంలో తేలిన మాట ఒకటి చెబుతున్నాం. మోటరు కొనేముందు దుకాణానికి కాదు, వైండింగు షాపుకు పోండి. ఒక్కరిని కాదు, ముగ్గురిని అడగండి. ‘ఏ మోటరు ఎక్కువ వస్తుంది’ అని అడగొద్దు. ఎక్కువ అమ్ముడుపోయేది ఎక్కువే వస్తుంది, అది దాని తప్పు కాదు. ‘ఏది ఏడాది తిరగకముందే వస్తుంది, దేనికి సామాన్లు ఇక్కడే దొరుకుతాయి’ అని అడగండి. ముగ్గురూ ఒకే పేరు చెబితే అది ఏ కార్డు కన్నా గట్టి మాట.

అన్ని పనిముట్లకూ ఇదే లెక్క పనికిరాదు. ఏడాదికి పది రోజులు వాడే గడ్డి కోసే మిషనుకు, చెట్టు కోసే మిషనుకు ఒక్కొక్కరం వేలకు వేలు పెట్టనక్కరలేదు. నలుగురం కలిసి ఒక మంచిది కొనుక్కోవచ్చు, లేదా కిరాయికి తెచ్చుకోవచ్చు. బ్యాటరీ స్ప్రేయర్లలో ముందు పోయేది బ్యాటరీ. కార్డు చూస్తే చాలావాటిలో బ్యాటరీకి గ్యారెంటీ ఉండదు, ఉన్నా నెలల లెక్కనే. పత్తికి మందు కొట్టడం అయిపోయాక ఛార్జింగు లేకుండా ఆరు నెలలు మూలన పడేస్తే లెడ్ బ్యాటరీ చచ్చిపోతుంది. వాడినా వాడకపోయినా నెలకోసారి ఛార్జింగు పెట్టండి. ఇది ఖర్చు లేని గ్యారెంటీ.

చట్టం మన చేతిలో లేదని నిరాశపడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. సరైన పరీక్ష చేయకుండా వస్తువు ఇన్నేళ్లు పనిచేస్తుందని గ్యారెంటీ ఇవ్వడం, నెరవేర్చే అవకాశమే లేని గ్యారెంటీ ఇవ్వడం ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపారం. బిల్లు ఇవ్వకపోవడం కూడా అక్రమమే. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల లోపు వెనక్కి తీసుకోను అనడమూ అక్రమమే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం ఆగిపోదు.

బతుకుదెరువు కోసం సొంతంగా వాడుకునే రైతు వినియోగదారుడే. ఈ మాట ఊరికే రాలేదు. విత్తనాలు మోసం చేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ వాదనను తోసిపుచ్చి, రైతులు వినియోగదారుల ఫోరానికి పోవచ్చని తీర్పు చెప్పింది. ఆ కేసులో పరిహారం ఇమ్మని మొదట ఆదేశించిన జిల్లా ఫోరాల్లో మన మహబూబ్‌నగర్ ఫోరం కూడా ఒకటి. కొనుగోలు 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు.

కానీ వీటన్నిటికీ ఒక్క కాగితం కావాలి, అదే బిల్లు. ఇక్కడే మన కాళ్లు మనమే నరుక్కుంటున్నాం. ‘బిల్లు అయితే ఇంత, బిల్లు లేకుంటే ఇంత’ అంటే మనం రెండో మాటకే తల ఊపుతున్నాం. మేమూ ఊపినవాళ్లమే. నాలుగైదు వందలో, రెండు మూడు వేలో మిగిలిందని సంబరపడి ఇంటికి వచ్చి, మోటరు కాలినాడు ఉత్త కార్డు పట్టుకుని తిరిగినవాళ్లమే. ఆ మిగిలిన డబ్బుతో మనం మన హక్కును అమ్ముకున్నాం.

అందుకే సభ్యులందరికీ మా మనవి ఇది:

1. బిల్లు లేకుండా మోటరు, స్టార్టరు, స్ప్రేయరు కొనొద్దు. బిల్లు మీద మోటరు నంబరు, హెచ్‌పీ, తేదీ రాయించాలి. కార్డు మీద దుకాణం ముద్ర వేయించాలి. రెండింటినీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి.

2. ఐఎస్ఐ గుర్తు చూడాలి. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐఎస్ 8034 నంబరు ఉంటుంది. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది నిజమో దొంగదో తెలుస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలతో ఆ పని చేయించండి.

3. బోరు లోతు, ఎండాకాలం నీళ్ల మట్టం, ఎన్ని ఇంచుల నీళ్లు పోస్తుందో చెప్పి, దానికి తగిన మోటరే అడగాలి. దుకాణంలో ఉన్నదే మనకు సరిపోతుందని అనుకోవద్దు. నీళ్లు నింపే రకం మోటరైతే దించేముందు మంచినీళ్లు నింపారో లేదో దగ్గరుండి చూడాలి.

4. మోటరు మీద వేలు పెట్టి, స్టార్టరు దగ్గర వందలకు చూసుకోవద్దు. ఫేజు పోతే ఆపేది, నీళ్లు లేకుంటే ఆపేది ఉన్న స్టార్టరే పెట్టాలి. లోపలికి పోయే కేబులు సన్నగా ఉంటే వోల్టేజీ అందులోనే తరిగిపోతుంది.

5. మోటరు కాలితే విప్పకముందు ఫోటోలు తీయాలి. దుకాణానికి రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి.

ఇక పాలకులను, కంపెనీలను అడగాల్సినవి సంఘంగా అడగాలి. గ్యారెంటీ కార్డు తెలుగులో ఉండాలి. మన జిల్లాల్లో మోటర్లు అమ్ముకునే కంపెనీ ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక సర్వీసు సెంటరు పెట్టాలి. ఫిర్యాదు అందిన మూడు రోజుల్లో తేల్చాలి, లేదా తేలేదాకా వేరే మోటరు ఇవ్వాలి. ‘లో వోల్టేజీ వల్ల కాలింది’ అని కంపెనీ రాసిస్తే, ఆ కాగితం పట్టుకుని విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గరికి పోతే జవాబు చెప్పే పద్ధతి ఉండాలి. కంపెనీ కరెంటోళ్ల మీద, కరెంటోళ్లు మన ఆటో స్టార్టర్ల మీద, అందరూ కలిసి రైతు నెత్తిన వేసే ఆట ఆగాలి.

ఇంకొకటి, ‘వేరేవాళ్లు విప్పితే గ్యారెంటీ పోతుంది’ అనే షరతు. అమెరికా రైతులు ట్రాక్టర్ల విషయంలో ఇదే కొట్లాట కొట్లాడారు. అక్కడి కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. రైతు గానీ, అతను నమ్మిన మెకానిక్ గానీ రిపేరు చేసుకోవడానికి కావలసిన సామాన్లు, పుస్తకాలు, పరికరాలు కంపెనీలు ఇవ్వాలన్నది దాని సారం. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైలో ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది. అందులో మొదట తీసుకున్న రంగాల్లో వ్యవసాయ పనిముట్లు ఉన్నాయి. ఆ తర్వాత ఒక పోర్టల్ కూడా పెట్టారు. పోర్టల్ చాలదు, చట్టం కావాలి. మన మండలంలో ముప్పై ఏళ్లుగా మోటర్లు విప్పి బిగించే మెకానిక్ చెయ్యి తగిలితే పోయే గ్యారెంటీ, మనకు గ్యారెంటీ కాదు.

మనుషులకన్నా బోర్లే ఎక్కువని పత్రికలకెక్కిన ముసంపల్లి మన నల్లగొండలోదే. ఎన్నో ఎండిన బోర్లకు అప్పులు చేసి, పడ్డ ఒక్క బోరులో మోటరు దించుకున్నవాళ్లం మనం. ఆ మోటరు మనకు ఇనుప ముక్క కాదు, ఇంటిల్లిపాది అన్నం. దాని మీద రాసిన మాటను అమ్మినవాడు నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకునేలా చేయడానికి మన దగ్గర బిల్లు ఉండాలి, వెనుక సంఘం ఉండాలి. వచ్చే నెల మీటింగుకు ఎవరి కార్డులు వాళ్లు తెచ్చుకోండి. కలిసి చదువుదాం.